చవుకతుపాకి: వినోదము, వివేకము

తుపాకియన్న పేరు వినినంతనే మన యిండ్లలో గుండె ఝల్లుమనును. అట్టి వస్తువును వినోదార్థము కొనుటయా యని ముక్కుపై వ్రేలిడుకొందుము. మేమును మొదట నట్లే చేసితిమి. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున కాపురమున్న మా పినతల్లి కుమార్తె మాకిట్లు వ్రాసినది: "అక్కా! నీ మఱది పాతకాలపు తుపాకి కొందునని పట్టుబట్టినారు. పిల్లలున్న యింట వలదని నేనంటిని. మా నడుమ మాటలే తగ్గినవి. నీవేమందువు?"

తెలియని వస్తువును ఔననుటయు, కాదనుటయు సమానముగ అవివేకమేయని తలచి మేమా విషయమును విచారించితిమి.

ఈ తుపాకికి తూటా లేదు. గొట్టపు మూతినుండి మందు కొలిచి పోసి, చమురంటిన గుడ్డపేలికతో సీసపుగుండు నుంచి, గజమను కడ్డీతో అడుగంట దట్టింతురు. మందనగా సురేకారము, బొగ్గు, గంధకముల మిశ్రమము. దానిని కొన్నింట చెకుముకిరాయి రవ్వయు, కొన్నింట చిన్నటోపీలోని ప్రేలుడుమందును అంటించును. ఈ రెండవ పద్ధతికి మూలమైన పేటెంటును 1807లో అలెగ్జాండరు ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు పొందెను. ఒకమాఱు ప్రేల్చిన పిదప మరల నింపుటకు కొంతసేపు పట్టును. ఈ నిదానమే దీని యానందమని యభిమానులందురు.

అమెరికాలో ఇట్టి తుపాకులకొఱకు జాతీయసంఘ మొకటి 1933లో నేర్పడెను. దాని గుఱిపోటీలు ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ గ్రామమున జరుగును. పూర్వము సెయింట్ లూయీ నగరమున జేకబు, శామ్యూలు హాకెన్ సోదరులు చేసిన తుపాకులు ప్రసిద్ధములు. వాని పేరుతో థాంప్సన్ సెంటర్ సంస్థ 1970లో యంత్రశాలలో చేసిన తుపాకిని విక్రయింప నారంభించెను. ఇటలీలో 1957లో స్థాపితమైన పెడెర్సోలీ సంస్థయు పాతమాదిరులను చేయుచున్నది. చేతిపనివాడు చేసినదానికంటె యంత్రశాలలోనిది మిక్కిలి చవుక. కొన్ని వందల డాలర్లకే లభించును.

క్రొత్తవారికి టోపీతో ప్రేలునదే సులభము. అరయంగుళపు గొట్టముగల మాదిరికి గుండ్లు, సామగ్రి తేలికగా దొరకును. గొట్టములోని మరచుట్టు 48 అంగుళముల కొకటియైనచో గుండ్రనిగుండును, పొడవుగుండును రెండును ప్రేల్చవచ్చును. 60 అంగుళములు దాటినది గుండ్రనిగుండుకే తగును. తుపాకి వెలతోనే సరిపోదు. కొలతగొట్టము, మందు, గుండ్లు, పేలికలు, కంటియద్దములు, చెవిమూతలు వీని వ్యయమును ముందే లెక్కింపవలెను.

ఇక భయకారణములు. నేటి తూటాలలోని పొగలేనిమందు దీనిలో పోసినచో గొట్టము పగిలి ప్రాణాపాయము కలుగును. మందును సీసానుండి తిన్నగా గొట్టములో పోయరాదు. లోపల నిప్పురవ్వ మిగిలియున్నచో చేతిలోని సీసాయే ప్రేలును. గుండు మందునకు ఆనియుండవలెను. నడుమ సందున్నచో గొట్టము చెడును. ప్రేల్చిన నాడే నీటితో, సబ్బుతో కడిగి, ఆఱబెట్టి, నూనె పూయవలెను. లేనిచో మసిలోని లవణములు తేమను పీల్చి త్రుప్పు పట్టించును. సీసము ముట్టినచేతులు కడుగక అన్నము ముట్టరాదు.

పాతతుపాకి కొనదలచినచో మూతిని నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, టోపీ లేదని చూచి, గజమును లోపలికి దించి, మూతివద్ద గుఱుతుపెట్టి, వెలుపల గొట్టము ప్రక్కన నుంచి పోల్చుడని వ్రాసితిమి. గజము కొన టోపీపెట్టు చోటువఱకు రానిచో లోపల మందుగుండున్నదని యర్థము.

మా చెల్లెలు భర్తతోగూడి ఒక వృద్ధుని యింట నమ్మకమునకుంచిన తుపాకిని చూడబోయెను. వెల మిక్కిలి తక్కువ. మఱది సొమ్ము తీయబోగా, ఆమె గజము దించి చూడుమనెను. అది నాలుగువ్రేళ్ల మేర తక్కువయ్యెను! ఎన్నియేండ్లనుండియో మందుగుండుతోనే అది గోడకు వ్రేలాడుచున్నది. వృద్ధుడు నివ్వెఱపోయి దానిని తుపాకులు బాగుచేయువానికి పంపెను. మఱది మాటలేక యింటికి వచ్చెనట.

పిమ్మట వారు క్రొత్తదానినే కొనిరి. తుపాకి యొక పెట్టెలోను, మందు వేఱొకచోటను తాళమువేసి యుంచబడును. తాళపుచెవులు మా చెల్లెలివద్దనే యున్నవి. ఇప్పుడామెయు నెలకొకమాఱు కాగితపు గుఱిని కొట్టుచున్నదట!

అమెరికాలో 1968 నాటి చట్టమును, దాని సవరణలును ఇట్టి తుపాకులలో పెక్కింటికి సాధారణాయుధముల నియమములనుండి మినహాయింపునిచ్చినను, రాష్ట్రముల నియమములు వేఱు. మన దేశమునందో 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము దీనికిని లైసెన్సు వలయును.

సోదరీమణులారా! వెల తక్కువయని వస్తువును, భయమని తెలివిని విడువరాదు. ఇంటికి వచ్చు ప్రతివస్తువును గృహిణి యెఱిగియుండుటయే యింటికి రక్ష.