హౌస్‌బోటు కొంటారా? ముందు రాత్రులు లెక్కపెట్టండి!

కేరళలోని అలెప్పీలో ఒక్క రాత్రి పడవలో పడుకుని లేచారో లేదో, చాలామందికి ఒకటే ఆలోచన: మనమే ఒకటి కొని అద్దెకిస్తే? ఆగండాగండి, ముందు ఇవి వినండి!

మీకు తెలుసా? పాత పద్ధతిలో కట్టిన కెట్టువళ్లంలో, అంటే కేరళ హౌస్‌బోటులో, ఒక్క మేకు కూడా ఉండదు! అంజిలి పలకలకి చిల్లులు పెట్టి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. సందుల్లో పీచు కూరి, జీడిగింజల పెంకు నూనె పూస్తారు. దగ్గరికెళ్లి చూస్తే వరసగా ముడులే ముడులు, గోనెసంచి మూతి కుట్టినట్టు! మలయాళంలో కెట్టు అంటే మన కట్టే, వళ్లం అంటే పడవ. కొన్నాక వడ్రంగి ఒక్కడే చాలడు, కుట్టేవాడూ కావాలి!

మీకు తెలుసా? ఈ పడవలు పుట్టింది విహారానికి కాదు, కుట్టనాడు ప్రాంతపు వడ్లు మోయడానికి! లారీలొచ్చాక ఆ పని పోయింది. బస్తాలు దిగాయి, ఏసీలు ఎక్కాయి!

మీకు తెలుసా? మధ్యాహ్నం 12కి ఎక్కి మర్నాడు 9కి దిగే అతిథి పడవలో ఉండేది 21 గంటలు. పడవ తిరిగేది ఆరేడు గంటలే! సాయంత్రం ఐదున్నరకల్లా ఒడ్డుకి కట్టేయాలి, రాత్రి బ్యాక్‌వాటర్స్‌లో జాలర్ల వలలుంటాయి. కట్టేసినా ఖర్చు ఆగదు. ఏసీల కోసం జనరేటరు డీజిలు తాగుతూనే ఉంటుంది!

ఇక అసలు లెక్క. రాత్రికి 10,000 అద్దె అనుకుందాం. 365 రాత్రులకి 36.5 లక్షలు! అమ్మేవాడు చూపించేది ఈ అంకే. నిండేవి 120 రాత్రులే అయితే? 12 లక్షలు. మిగతా 245 రాత్రులు పడవ ఖాళీ, కానీ డ్రైవరు, వంటమనిషి, సహాయకుడు ముగ్గురి జీతాలూ నడుస్తాయి. డిసెంబరులో గది దొరకదు, జూన్ వానల్లో అతిథి దొరకడు! అందుకే నా మాట వినండి: పడవ అందం తర్వాత, బుకింగుల పుస్తకం ముందు. అందులో కనీసం రెండు వానాకాలాలు కనబడాలి.

మీకు తెలుసా? మామూలుగా ఆగస్టులో అలెప్పీలో జరిగే నెహ్రూ ట్రోఫీ పడవ పందెం 2018లో వరదల వల్ల నవంబరు 10న జరిగింది! ఆగస్టు అతిథుల మీద ఆశపెట్టుకున్న యజమానుల గుండెలు ఎంత గుభేలుమని ఉంటాయో!

మీకు తెలుసా? లోతట్టు జలాల పడవలకి 1917 నాటి చట్టమే 104 ఏళ్లు నడిచింది! 2021లో కొత్తదొచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ రెండూ కళ్లతో చూడందే అడ్వాన్సు ఇవ్వకండి.

మీకు తెలుసా? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క, వాతావరణం కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది! పడవ పంకాకి చుట్టుకుందంటే ఇంజను ఆపాల్సిందే. సహాయకుడు కత్తి పట్టుకుని నీళ్లలోకి దిగుతాడు, పైన అతిథులు కేరింతలు కొడుతూ ఫొటోలు తీస్తుంటారు!