ఆయన సరిహద్దులో... ఆమె కోర్టు వరండాలో

"ఈసారీ రాలేదమ్మా. లీవు దొరకలేదట. మళ్లీ మూడు నెలలకి వాయిదా!"

చంటిదాన్ని భుజాన వేసుకుని కోర్టు వరండాలో ఓ అమ్మాయి తల్లితో అంటున్న మాట. భర్త జవాను. ఎక్కడో మంచుకొండల్లో డ్యూటీ. కాపురం చెడి రెండేళ్లు. 'దేశం కోసం కష్టపడేవాణ్ని కోర్టుకీడుస్తావా?' అని అత్తింటివారి దెప్పిపొడుపు. విడిపోవడమా, సర్దుకుపోవడమా అన్నది తేలదు. పాలడబ్బాకి మాత్రం డబ్బు కావాలి.

సైనికుడి భార్యకూ దారి ఉంది. కాకపోతే అది అత్తగారి గుమ్మం మీదుగా కాదు, ఆయన యూనిట్ మీదుగా వెళుతుంది.

సమన్లు ఎక్కడికి?

చాలామంది సమన్లకు భర్త సొంతూరి అడ్రసే ఇస్తారు. 'అబ్బాయి ఇక్కడ లేడు' అంటూ అవి తిరిగొస్తాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సైనికుడికి సమన్లు కమాండింగ్ ఆఫీసరు ద్వారా పంపాలి. కాబట్టి ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, '56 ఏపీఓ' వంటి చిరునామా రాసిపెట్టుకోండి. పాత ఉత్తరాలు, డిపెండెంట్ కార్డు వెతికితే దొరకొచ్చు.

కేసు కోసం ఆయన ఊరికి పరుగెత్తక్కర్లేదు. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ వల్ల భార్య తానుంటున్న చోటే విడాకుల పిటిషన్ వేసుకోవచ్చు.

తొందరపడితే చిక్కే

'రాలేదు కదా, ఎక్స్‌పార్టీ డిక్రీ తెచ్చేసుకుందాం' అనిపిస్తుంది. ఆగండి! యుద్ధ పరిస్థితుల్లో, ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేసే సైనికులకు 1925 నాటి సైనికుల లిటిగేషన్ చట్టం రక్షణ ఇస్తుంది. ఆయన తరఫున ఎవరూ లేకుండా వచ్చిన డిక్రీని తర్వాత రద్దు చేయమని కోర్టును అడిగే వీలుంది. మీరు మరో జీవితం మొదలుపెట్టాక ఆ నోటీసు తలుపు తడితే?

సెలవు దొరకని సైనికుడు తన తరఫున మరొకరికి అధికారం రాసివ్వవచ్చు. కేసు కోసం సెలవు ఇచ్చినట్టు సర్టిఫికెట్ చూపి కోరితే, వీలైనంతవరకు ఆ రోజుల్లోనే విచారణ ముగించాలని ఆర్మీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఆయన సెలవు ఎప్పుడో తెలిస్తే వెంటనే మీ ప్లీడరుకి చెప్పండి.

మనోవర్తికి రెండు దారులు

విడాకులు తేలేదాకా పస్తులుండనక్కర్లేదు. పాత 125 సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద కోర్టులో మనోవర్తి అడగవచ్చు. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది యూనిట్ దారి. సివిల్ కోర్టు డిక్రీ కోసం సైనికుడి జీతాన్ని జప్తు చేయకుండా ఆర్మీ చట్టం 28వ సెక్షన్ అడ్డుకుంటుంది. అదే చట్టంలోని 90, 91 సెక్షన్లు మాత్రం భార్యాబిడ్డల పోషణకు జీతంలోంచి కోసి ఇచ్చే అధికారాన్ని ఆర్మీకే ఇచ్చాయి. కమాండింగ్ ఆఫీసరుకు దరఖాస్తు పెట్టండి. అందులో కోపమంతా కుమ్మరించకండి. పెళ్లి తేదీ, పిల్లల వయసు, ఎన్నాళ్లుగా డబ్బు రావడం లేదు, నెలకు ఖర్చెంత... ఇవి చాలు. పెళ్లి ఫొటో, బర్త్ సర్టిఫికెట్ నకళ్లు జతచేయండి. భర్త జవాబు విన్నాకే పై అధికారులు నిర్ణయిస్తారు.

ఇద్దరికీ ఇష్టమైతే...

ఏడాది విడిగా ఉన్నాక పరస్పర అంగీకారంతో విడాకులు కోరవచ్చు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు తీర్పు. వీడియో కాన్ఫరెన్స్‌కు, తల్లిదండ్రులో తోబుట్టువులో ప్రతినిధిగా రావడానికి అనుమతించవచ్చని కూడా అందులోనే ఉంది. దూరాన ఉన్న జవానుకు ఇది పెద్ద ఊరట.

ఫీజు భయం వద్దు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ అడగండి.

ఆయన యూనిఫాం గౌరవం ఆయనది. మీ బిడ్డ ఆకలి మీది. ఒకదాని కోసం రెండోదాన్ని దాచుకోమని ఏ చట్టమూ చెప్పలేదు. వచ్చే వాయిదాకి ఆ అమ్మాయి చేతిలో యూనిట్ అడ్రసు ఉంటే, సగం దారి నడిచినట్టే!