మొదటి మెటల్ డిటెక్టర్: కొనేముందు కాళ్ళ కింద నేల చూడండి

కిందటేడు వేసవిలో మా అమ్మ ఇంగ్లండు వచ్చినప్పుడు అందరం కలిసి కెంట్ తీరానికి వెళ్ళాం. మనవడితో కూర్చుని ఇసుకలో పిచ్చుక గూళ్ళు కట్టింది. చేతులు కడుక్కుంటూ చూసుకుంటే వేలికి ఉంగరం లేదు! నాన్నగారు తన మొదటి జీతంతో చేయించిన ఉంగరం అది. పొద్దుపోయేదాకా వెతికాం. "పోనీలేరా, ఈ మధ్య వదులైంది. నేనే చూసుకోలేదు" అంది అమ్మ. ఇంటికి వచ్చేదాకా కారులో ఎవరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రే ఇంటర్నెట్‌లో వెతికి, అన్నిటికన్నా చవకగా ఉన్న మెటల్ డిటెక్టర్ ఒకటి తెప్పించాను. ఎంతో లోతున ఉన్నది కూడా పట్టేస్తుందని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. పదకొండేళ్ళ మావాడు "నాన్నా, లంకెబిందెలు కూడా దొరుకుతాయా?" అన్నాడు. అంతా వాళ్ళ నానమ్మ చెప్పిన కథల మహిమ!

శనివారం మళ్ళీ అదే బీచ్‌కి వెళ్ళాం. తడి ఇసుక మీద పెట్టగానే యంత్రం కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎక్కడ పెట్టినా అదే అరుపు. రెండు గంటలు తవ్వితే నాలుగు సీసా మూతలు, ఓ తుప్పుపట్టిన మేకు దక్కాయి. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అటుగా వచ్చిన ఒక పెద్దాయన మా అవస్థ చూసి ఆగాడు. "ముందు ఎక్కడ నడుస్తారో తేల్చుకోండి, తర్వాతే యంత్రం కొనండి" అన్నాడు. పాపం, తన డిటెక్టర్‌తో ఆ చుట్టుపక్కలంతా వెతికిపెట్టాడు కూడా. ఉంగరం దొరకలేదు. కానీ ఆయన మాట మాత్రం మాకు దొరికింది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

పిల్లలూ, ఇది మీ కోసం. డిటెక్టర్ అడుగున గుండ్రంగా ఉండేది కాయిల్. అందులోంచి నిరంతరం మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం నేలలోకి వెళుతుంది. అక్కడ లోహం ఉంటే దానిలో చిన్న చిన్న సుడుల్లాగా విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు తన సొంత అయస్కాంత క్షేత్రాన్ని తయారుచేస్తుంది. దాన్ని కాయిల్ పసిగట్టి 'టింగ్' మంటుంది.

టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లో ఇలాంటి యంత్రమే తయారుచేశాడు. అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాని వెతకడానికి! పాపం, ఫలించలేదు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు కూడా అడ్డుపడ్డాయని చెబుతారు. అంటే మనం వెతికే వస్తువు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఏముందన్నదీ ముఖ్యమే.

ఏ నేలకి ఏ యంత్రం?

ఉప్పునీటితో తడిసిన ఇసుకలో కూడా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే మామూలు యంత్రం అందుకే అక్కడ తికమకపడి అరుస్తుంది. బీచ్‌లే మీ లక్ష్యమైతే, ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలతో పనిచేసే రకం తీసుకోండి. మైన్‌ల్యాబ్ వాంక్విష్ ఆ కోవలోదే. పొలాలకీ, పొడి ఇసుకకీ ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న గారెట్ ఏస్, నోక్టా సింప్లెక్స్ లాంటివి చాలు. సింప్లెక్స్ మొత్తంగా నీళ్ళలో మునిగినా ఫరవాలేదు. మిగతా రెండింటికీ కాయిల్ మాత్రమే తడవచ్చు, పైనున్న పెట్టె తడవకూడదు.

లోతు గురించిన ప్రకటనలకి మాలాగా మోసపోకండి. నాణెం అంత వస్తువుని ఇలాంటి యంత్రాలు మామూలుగా జానెడు లోతులో పడితే గొప్పే. పిల్లలు పట్టుకుంటారంటే బరువు చూడండి. కిలో, కిలోంపావు దాటితే అరగంటకే చెయ్యి నొప్పంటారు. చెత్త ఎక్కువున్న చోట చిన్న కాయిలే నయం. పక్కపక్కనే ఉన్న రెండు వస్తువుల్ని అది విడదీసి చెబుతుంది.

ఇంకో చిక్కుంది. చెత్త వద్దనుకుని అల్యూమినియం మీద యంత్రం మోగకుండా నొక్కేస్తారు చాలామంది. కానీ సన్నటి బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మూత పీకే రింగు దాదాపు ఒకేలా మోగుతాయి. చెత్త వద్దంటే బంగారమూ వద్దన్నట్టే!

ఎవరి నేల?

డబ్బు కట్టేముందే ఇది తేల్చుకోవాలి. బ్రిటన్‌లో ప్రతి నేలకీ ఓ యజమాని ఉంటాడు. పొలమైతే రైతు అనుమతి తప్పనిసరి. క్రౌన్ ఎస్టేట్ చేతిలో ఉన్న సముద్ర తీరాల్లో విడిగా పర్మిట్ అక్కర్లేదు. మిగతా తీరాల్లో కౌన్సిల్‌నో, యజమానినో అడగాలి. రక్షిత పురాతన స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటం 1979 చట్టం ప్రకారం నేరం. తూటాలు, బాంబుల్లాంటివి కనబడితే ముట్టుకోకుండా దూరంగా వచ్చేసి 999కి ఫోన్ చెయ్యండి.

ఇంగ్లండు, వేల్స్‌లో 'నిధి' కిందికొచ్చే వస్తువు దొరికితే, 1996 ట్రెజర్ చట్టం ప్రకారం 14 రోజుల్లో తెలియజేయాలి. స్కాట్లండ్‌లో నియమాలు వేరు. ఇండియాలోనూ 1878 నాటి చట్టం ఉంది: పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. కాబట్టి సెలవులకి వెళ్ళేటప్పుడు దీన్ని పెట్టెలో సర్దకండి. తాతగారి పెరట్లో లంకెబిందెలు కథలోనే బాగుంటాయి!

1992లో సఫోక్‌లోని హాక్సన్ గ్రామంలో ఒక రైతు సుత్తి పారేసుకున్నాడు. అది వెతకడానికి వెళ్ళిన ఎరిక్ లాస్‌కి రోమన్ల కాలపు బంగారం, వెండి కనిపించాయి. ఆయన ఇంకా తవ్వుకుంటూ పోలేదు. ఆగి, కబురు పంపాడు. పురావస్తు నిపుణులు వచ్చి సుమారు 15,000 నాణేలు, రెండొందల వెండి, బంగారు వస్తువులు ఉన్నవి ఉన్నట్టుగా తీయగలిగారు. బ్రిటిష్ మ్యూజియానికి ఆ సుత్తి కూడా చేరింది.

మా సంగతికొస్తే, ఆ చవక యంత్రం వెనక్కిచ్చేసి, బీచ్‌కి పనికొచ్చేది కొన్నాం. ఈ వసంతంలో పొడి ఇసుకలో మావాడికి ఓ 'టింగ్' వినిపించింది. "డబ్బా రింగే అయ్యుంటుంది, అయినా తవ్వుతా" అన్నాడు. తవ్వితే బంగారు ఉంగరం! అమ్మది కాదు. లోపలివైపు ఎవరివో రెండు అక్షరాలు, పెళ్ళి తేదీ చెక్కి ఉన్నాయి.

"నాన్నా, మనకే దొరికింది కదా, మనదేనా?"

ఆ ప్రశ్నకి జవాబు నేను చెప్పలేదు. "నానమ్మ ఉంగరం ఇలాగే ఎవరికైనా దొరికితే?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, అక్షరాలు మాత్రం రాయకుండా తనే ఓ కాగితం రాసి, బీచ్ పక్కనున్న కేఫ్ బోర్డు మీద అంటించాడు. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. ఆ అక్షరాలూ తేదీ తప్పు పోకుండా చెప్పిన పెద్దావిడ, ఉంగరం చేతికి రాగానే మావాణ్ణి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

రాత్రి అమ్మకి ఫోన్లో ఈ కథంతా చెప్పాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: "నాది దొరికినవాళ్ళింట్లో కూడా ఇలాంటి పిల్లాడుంటే బాగుణ్ణు."