మీకు తెలుసా? ఏలూరులో 100, అరకులో 97

కాఫీ చేసుకునే ఫ్రెంచ్ ప్రెస్ కొన్నవాళ్లకు ఎవరైనా చెప్పే మొదటి మాట, మరిగే నీళ్లు అలాగే పోసేయకండి, కాస్త ఆగండి అని. ఈ సలహా ఏలూరు వంటింట్లో అక్షరాలా నిజం. అరకులో మాత్రం దాదాపు అనవసరం!

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్లు తక్కువ వేడికే తెర్లుతాయి. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ లెక్క. కొల్లేరు అభయారణ్యానికి హద్దు ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదంటే ఐదు అడుగుల పైన. అక్కడి లంక గ్రామాల్లోనైనా, ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గరే. 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97కే మరిగిపోతాయి. కాఫీ పొడికి కావలసింది 92 నుంచి 96. అందుకే మన వైపు స్టవ్ కట్టేశాక అర నిమిషమో నిమిషమో ఆగాలి. అరకు వాళ్లు దించీ దించగానే పోసుకోవచ్చు.

వేడి కుదిరినా నీళ్లు కుదరాలిగా. కొల్లేరు చుట్టుపక్కల ఉప్పదనం తగిలే బోరు నీళ్లతో ఏ కాఫీ అయినా దండగే. బైకార్బొనేట్లు ఎక్కువున్న నీళ్లు కాఫీలోని సన్నటి పులుపును మింగేసి చప్పగా చేస్తాయి. ఖనిజాలు మరీ తీసేసిన ప్లాంటు నీళ్లతోనూ రుచి పూర్తిగా దిగదు.

ఇక పొడి. పావు లీటరు నీళ్లకు 15 గ్రాములు, బొంబాయి రవ్వంత బరకగా. నీళ్లు పోయగానే పొడి పైకి పొంగి, గోధుమరంగు నురగ మందంగా కడుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికొస్తుంది. పొంగలేదంటే పొడి పాతదన్నమాట. నాలుగు నిమిషాలాగి, జల్లెడ బిగించిన కడ్డీ, అదే ప్లంజరు, మెల్లగా దించాలి. గట్టిగా అడ్డుకుంటే పొడి మరీ మెత్తనిదని అర్థం. బలవంతాన నొక్కితే వేడి కాఫీ చేతిమీదికి చిమ్ముతుంది.

ఫిల్టరు కాఫీ కోసం కొన్న పొడి ఇందులో వేస్తే కప్పు అడుగున బురదే. పైగా ప్యాకెట్ తిప్పి చదవండి, చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతం ఉంటే చాలని మన నిబంధన! చికోరీ లేనిది కావాలంటే దూరం పోనక్కర్లేదు, మన మన్యం కాఫీయే ఉంది. 1898లో అక్కడ కాఫీ తొలిసారి నాటింది గోదావరి వైపున్న పాములేరు లోయలోనే. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అన్నట్టు, పేరు ఫ్రెంచిదైనా 1929లో ఈ ప్రెస్‌కు పేటెంటు పుచ్చుకున్న కలిమానీ, మొనేటా ఇద్దరూ ఇటలీ వాళ్లు. 1852లోనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఇలాంటిదొకటి తయారుచేశారు లెండి.

పాలు పోసుకునేవాళ్లు పొడి 25 గ్రాములకు పెంచాలి. లేకపోతే మన చిక్కటి గేదె పాలలో కాఫీ జాడే తెలియదు. కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు ఇంకో మాట. కాఫీ తైలంలోని కెఫెస్టాల్ చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాగితం ఫిల్టరు దాన్ని పట్టి ఉంచుతుంది, ప్రెస్‌లోని లోహపు జల్లెడ వదిలేస్తుంది. రోజుకు నాలుగైదు కప్పులు తాగే అలవాటుంటే కాగితం ఫిల్టరే మేలు.