ధర చెప్పడం మానని యంత్రం

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి కుప్ప పోసిన రైతుకు ధర తగ్గడం కంటే పెద్ద భయం ఒకటుంది: వేలంలో ఎవరూ నోరు విప్పకపోవడం. 2025లో క్వింటాకు రూ.1,200 ఇస్తామంటూ ప్రభుత్వమే రంగంలోకి దిగాల్సి వచ్చింది. సరుకుండీ కొనేవాడు లేని ఈ స్థితినే లిక్విడిటీ కరువు అంటారు. క్రిప్టో టోకెన్లకూ ఇదే చిక్కు ఎదురైంది. అలాంటి టోకెన్లు నడిచే ఇథీరియం బ్లాక్‌చెయిన్‌లో కొంటాం, అమ్ముతాం అనే ప్రతి ఆర్డరు రాయడానికీ, కొట్టేయడానికీ రుసుము కట్టాలి. ఆర్డర్లతో నడిచే మామూలు ఎక్స్ఛేంజి పద్ధతి అక్కడ గిట్టదు. దానికి బదులు ధరను యంత్రమే చెప్పాలని ఇథీరియం సహవ్యవస్థాపకుడు విటాలిక్ బుటెరిన్ 2016లో బయటపెట్టిన ఆలోచనను, ఉద్యోగం పోయిన మెకానికల్ ఇంజనీరు హేడెన్ ఆడమ్స్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ యంత్రంగా మలిచాడు. 2018 నవంబరు 2న యూనిస్వాప్ పేరుతో ఆ యంత్రం మొదలైంది.

దాని లోపలున్నది ఒక్క గుణకారమే. ఉల్లితోనే చూద్దాం. కొందరు సరుకూ డబ్బూ కలిపి పెట్టిన ఉమ్మడి కొట్టులో 100 సంచులు, లక్ష రూపాయలు ఉన్నాయి. సంచి ధర వెయ్యి. రెండింటి లబ్ధం కోటి, అది మారకూడదు. ఒక రైతు పది సంచులు వేస్తే సంచులు 110 అవుతాయి, కొట్టులో రూ.90,909 మిగలాలి, అతని చేతికి రూ.9,091. వంద సంచులు తెచ్చినవాడికైతే వచ్చేది యాభై వేలే, ఆపై ధర 250కి పడుతుంది. కొట్టు ఎన్నడూ ఖాళీ కాదు, ధర చెప్పడం మానదు. కానీ చెప్పిన ధర గిట్టుబాటవుతుందన్న హామీ ఇవ్వదు.

ఉల్లి కుళ్లుతుంది, టోకెన్ కుళ్లదు, పోలిక చెల్లదనవచ్చు. నిజమే. తడిసిన ఉల్లికీ ఎండిన ఉల్లికీ ఒకే ధర కట్టే యంత్రం యార్డులో ఒక్క పూట నిలవదు. తడిసిందంతా దానికే అంటగడతారు. యంత్రం పనికొచ్చేది ఒక్క తీరు సరుకుకే. యంత్రం రాకతో దళారి పోయాడన్న మరో వాదనను మాత్రం నేనొప్పుకోను. మొదటి లెక్కలోని 100 సంచుల కొట్టునే తీసుకోండి. బయట సంచి ధర రెండు వేలైతే యంత్రానికి ఆ కబురు అందదు. ఎవరో వచ్చి చవగ్గా కొనుక్కుపోతేనే ధర సర్దుకుంటుంది. అప్పటికి కొట్టులో మిగిలేది దాదాపు 71 సంచులు, రూ.1,41,421, మొత్తం విలువ రూ.2,82,843. కదపకుండా ఉంచుకుంటే మూడు లక్షలయ్యేది. దళారి కమీషన్ వేషం మార్చుకుందంతే; కట్టేది కొట్టులో డబ్బు పెట్టినవాడు. ప్రతి బేరంపై వచ్చే రుసుము (తొలి యూనిస్వాప్‌లో 0.3 శాతం) ఈ లోటు పూడుస్తుందంటారు. బేరాలు జోరుగా సాగితేనే అది సాధ్యం. కొత్త టోకెన్లకు ఆ జోరే కరువు.

ఇందులో డబ్బు పెట్టాలనుకునేవారు ముందు ఈ ఉల్లి లెక్క కాగితం మీద వేసుకోండి. పన్నునూ మరవకండి: మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను. ఒక టోకెన్‌లో వచ్చిన నష్టాన్ని మరో టోకెన్ లాభంలో తగ్గించుకునే వీలు లేదు.