తోలు కోటు: సంరక్షణ, పరీక్ష

మోటారు సైకిలు నడిపేవానికి తోలు కోటు అలంకారం కాదు, కవచం. బండి జారిన క్షణాన తారురోడ్డుకు ఒరుసుకొనేది మన చర్మం కాక ఆ తోలు కావాలన్నదే దాని ప్రయోజనం. మన ఎండలకు జడిసి ఏడాదిలో అధికభాగం కోటును బీరువాలో ఉంచి, చలికాలంలో మారేడుమిల్లికో అరకుకో బయలుదేరేనాడు వెలికితీసే యువకులు అన్నవరం పరిసరాల్లో కొందరు గలరు. ఆ కోటు తరచుగా తండ్రిదో అన్నదో అయి ఉంటుంది. పాతబడిన తోలును మనం కాపాడుకోవడం ఎట్లు, అది తిరిగి మనలను కాపాడగలదా అన్న రెండు విషయాలను ఇక్కడ వివరింపదలచాము.

మొదట తోలు స్వభావం తెలియాలి. పచ్చిచర్మం కుళ్లిపోతుంది. అందలి మాంసకృత్తుల పోగులను కుళ్లకుండా స్థిరపరచడమే తోలు పదును చేయడం. పూర్వం దక్షిణదేశంలో తంగేడు పట్టతో, కరక్కాయలతో ఈ పని చేసేవారు. నేటి కోట్లలో అధికభాగం క్రోమియం లవణాలతో పదును చేసినవే. పిమ్మట పోగుల నడుమకు నూనె ఎక్కిస్తారు. తోలును వంచినప్పుడు పోగులు ఒకదానిపై ఒకటి జారేది ఈ నూనె వల్లనే. ఏళ్లు గడచేకొద్దీ నూనె తరిగి, పోగులు బిగిసి, మడతల వద్ద తోలు పగులుతుంది. తోలుపనిని సంఘం చిన్నచూపు చూసిన కాలంలో ఈ శాస్త్రాన్నే జీవితవృత్తిగా స్వీకరించిన తెలుగువాడు డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో జన్మించిన ఆయన, నాటి మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు సంచాలకులుగా పనిచేశారు.

మన ప్రాంతంలో తోలుకు శత్రువులు రెండు. వేసవి ఎండ నూనెను హరిస్తుంది. వానకాలపు చెమ్మ బూజును పెంచుతుంది. గాలిలో తేమ నూటికి 70 పాళ్లు మించి నిలిచినచోట బూజు సులువుగా పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచిన కోటు పాడయ్యేది ఇందువల్లనే. నూలుగుడ్డ కప్పి, అప్పుడప్పుడు గాలి తగలనివ్వడం మేలు.

శుభ్రపరచే క్రమం ఇది. బూజు ఉంటే కోటును ఆరుబయటకు తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకొని మెత్తని బ్రష్షుతో దులపాలి. గాఢత లేని సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, మరల మంచినీటి గుడ్డతో తుడవాలి. వెడల్పాటి హ్యాంగరుకు తగిలించి నీడలో ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని ఆరబెడితే తడితోలు ముడుచుకొని గట్టిపడుతుంది. ఆరిన పిదప లానోలిన్, తేనెమైనం వంటివి గల తోలు కండిషనరును ముందుగా కాలరు అడుగున రాసి పరీక్షించి, ఆపైన కోటంతటా పలుచగా పట్టించాలి. మరునాడు మిగిలినదాన్ని తుడిచివేయాలి. వానలకు ముందొకమారు, తరువాతొకమారు చాలును. నూగు గల స్వెడ్ తోలుకు మాత్రం ఈ లేపనం పనికిరాదు.

మన పెద్దలు కిర్రుచెప్పులకు ఆముదం పట్టించేవారు. ఆ దళసరి తోలుకు అది తగినదే. కోటు తోలు పలుచన, పైన రంగుపూత ఉంటుంది. ఆముదంగాని కొబ్బరినూనెగాని దండిగా పట్టిస్తే తోలు సాగి, ధూళి పడుతుంది. పెట్రోలు, కిరోసిన్లతో తుడిస్తే ఉన్న నూనె కూడా పోతుంది.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది పరీక్ష. కండిషనరు మెత్తదనాన్ని ఇస్తుంది గాని పోయిన బలాన్ని తిరిగి ఇవ్వలేదు. మోచేతి మడతను విప్పి చూడండి. పైపూత మాత్రమే బీటలువారితే భయం లేదు. పగులు లోపలి పోగులదాకా దిగినా, గోటితో గీస్తే పొడి రాలినా ఆ తోలు రక్షణకు పనికిరాదు. కుట్టును రెండుచేతులా కొద్దిగా లాగండి. చెమటకు చీకిన దారం తెగితే కుట్లన్నీ తిరిగి వేయించాలి. భుజాల వద్ద, మోచేతుల వద్ద అమర్చిన నురుగు మెత్తలు కూడా కాలక్రమాన పొడిపొడి అవుతాయి, వాటిని మార్చాలి.

తండ్రి కోటును ప్రేమతో దాచుకోవడం ఉచితమే. రోడ్డుపైకి వెళ్లేనాడు మాత్రం మెరుపును చూసి మురియక, బలాన్ని పరీక్షించి ధరించాలని విద్యార్థులకు మా మనవి.