అపూర్వ ఛాయాచిత్రములు: వాని సాక్ష్యము



ఛాయాచిత్రము అబద్ధమాడదని మన పెద్దలలో అనేకుల నమ్మకము. చిత్రకారుడు తన యిష్టము వచ్చినట్లు వ్రాయవచ్చును గాని, కెమెరా తన యెదుటనున్నదానినే గ్రహించునని వారి వాదము. ఆ నమ్మకము సగము సత్యము. ఏ సగమో తెలిసికొనుట యీ కాలమున మనకు మిక్కిలి యవసరము. ఏలయన, ఇప్పుడు పల్లెలో ప్రతి యింటను చేతిఫోను గలదు. లోకమందలి వింతలన్నియు అందులోనికి దిగుచున్నవి. చోడవరములో నేను వీధియరుగుమీద గూర్చుండగా పిల్లలు ఏదో యొక బొమ్మను దెచ్చి, "తాతగారూ, ఇది నిజమేనా?" అని యడుగుచుందురు. మీ యూళ్లలో మిమ్మును అడుగుచునే యుందురు. మనము తల యూచితిమా, అది వారికి శాస్త్రమగును. కావున తల యూచుటకు ముందు మనము విచారింపవలసినది కొంత యున్నది.

నేడు రెండు చిత్రములను గూర్చి చెప్పెదను. ఒకటి మన తెలుగునేలమీద తీసినది; వినుటకు నమ్మరానిది, అయినను సత్యము. రెండవది మన భారతకథ పేరు తగిలించుకొని తిరుగుచున్నది. చూచుటకు నమ్మదగినదే, అయినను కల్ల.

మొదటిది సూర్యగ్రహణ చిత్రము. విభవ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య, మంగళవారము, అనగా 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ, ఉదయకాలమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. చంద్రుని నీడ పడమటి సముద్రము దాటి, దక్కను పీఠభూమి మీదుగా వచ్చి, గుంటూరును, మచిలీపట్టణమును కప్పి, తూర్పు సముద్రములోనికి సాగిపోయెను. మన చోడవరము ఆ నీడకు ఉత్తరముగా నుండుటచే ఇచ్చట బింబము పూర్తిగా మరుగుపడలేదు. రవిని కప్పునది చంద్రుడే యని ఆర్యభటుడు 499 నాటికే చెప్పియున్నాడు గనుక, ఛాయ సంగతి మన సిద్ధాంతులకు క్రొత్త గాదు. క్రొత్తది వేరొకటి: కప్పబడిన సూర్యుని యంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడుచుండెను. అవి యేమి?

దానికై దేశదేశముల పండితులు మన యూళ్లకు వచ్చిరి. ఫ్రాన్సునుండి జాన్సెన్ గారు గుంటూరు చేరిరి. సైన్యపు ఇంజనీరగు మేజరు టెన్నెంటు గారును దూరదర్శినులతో అచ్చటనే విడిసిరి. మదరాసు వేధశాలాధిపతి పాగ్సను గారు మచిలీపట్టణమునకు వచ్చిరి. అదే వేధశాలలో పనిచేయు చింతామణి రఘునాథాచారిగారు వనపర్తికి పోయిరి. (మన విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావుగారు స్థాపించిన వేధశాల అప్పటికే గలదు. 1856లో ఆయన గతించిన పిదప అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు దానిని నడపుచుండిరి. ఈ సంగతి మన ప్రాంతమువారికే అంతగా తెలియకపోవుట విచారకరము.)

గుంటూరులో చిత్రములు తీసినవారు టెన్నెంటు గారి బృందము. ఆ కాలపు పని యెట్టిదో వినుడు. గాజుపలకపై కొలోడియను అను జిగురును పోసి, వెండిలవణము కరగిన నీటిలో ముంచి, ఆ తడి యారకమునుపే దూరదర్శినికి తగిలించి, వెలుగు సోకించి, తక్షణమే చీకటిగదిలో కడుగవలెను. పలక ఆరినచో పని చెడెను. అది వర్షర్తువు, మబ్బు క్రమ్మునను భయమొకటి. పూర్ణగ్రాసము నిలుచునది అయిదారు నిమిషములు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో వారు పలక వెంట పలక మార్చి చిత్రములు సాధించిరి.

వానిలో నల్లని చంద్రబింబము చుట్టును జ్వాలలు కలవు. ఒకటి కొమ్మువలె పైకి లేచియున్నది. పండితులు దానికి 'మహాశృంగము' అను అర్థముగల పేరే పెట్టిరి. దాని యెత్తు కొలువగా 80,000 మైళ్లకు పైబడెను. పది భూగోళముల నొకదానిపై నొకటి పేర్చినను దానికి చాలవు!

ఇది నమ్ముటెట్లు? గాజుపలకపై మరకయేమో యని శంకింపవచ్చును గదా. శంకింపవలెను కూడ. కాని అదే గ్రహణమును ఏడెనులో జర్మను పండితులు వేరు యంత్రముతో చిత్రించిరి. ఆ కొమ్ము అందును గలదు. గుంటూరిలో జాన్సెన్ గారు ఆ జ్వాలల కాంతిని పట్టకముతో విడదీసి చూచి, అవి మండు వాయువులని గ్రహించిరి. మఱునాడు గ్రహణము లేకయే వానిని చూచిరి. ఆ కాంతిలో పలువురికి కనబడిన పసుపురేఖ మొదట సోడియము అనుకొన్నారు. అది గాదని తేలి, ఇంగ్లండులోని లాకియరు గారు దానికి సూర్యుని పేర హీలియమని నామకరణము చేసిరి. 1895లో రామ్సే గారు ఆ పదార్థమును భూమిపై ఖనిజములో కనుగొనిరి. పెద్దాసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రములను చల్లబరచునది నేడు అదియే. ఒక చిత్రమునకు ఇందరు సాక్షులు!

ఇక రెండవది. ఎడారిలో గోతి, అందులో అఱువదడుగుల మానవ కంకాళము, ప్రక్కన పనివారు చీమలవలె నుందురు. ఇది ఘటోత్కచుని యస్థిపంజరమనియు, ఉత్తర భారతమున దొరకెననియు, సైన్యము కాపలా కాయుచుండుటచే ఎవ్వరిని పోనిచ్చుట లేదనియు వ్రాత. 2004 మొదలుకొని యిది తిరుగుచున్నది. అసలు సంగతి యేమనగా, 2000లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి హైడ్ పార్కు వద్ద మాస్టోడాను అను ప్రాచీన గజజాతి జంతువు యెముకలను త్రవ్విరి. ఆ త్రవ్వకపు చిత్రముపై 2002లో ఒకరు కంప్యూటరుతో మనుష్యకంకాళమును అతికించిరి. బొమ్మలు మార్చు పందెమునకై వినోదముగా చేసిన పని యది. మోసగించుట వారి యుద్దేశము గాదు. మోసము తరువాత వ్రాత చేర్చినవారిది. ఆ వ్రాతలో తన పేరు వాడుకొనబడిన నేషనల్ జియోగ్రాఫిక్ సంస్థయే 2007లో ఇది కల్ల యని ప్రకటించెను.

ఈ చరిత్ర తెలియకున్నను, కూర్చున్నచోటనే పరీక్షింపవచ్చును. ఒక రాతిదిమ్మను పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటను పదిరెట్లు చేసినచో బరువు వేయిరెట్లగును; నేలనానిన అడుగుభాగము నూరురెట్లే యగును. అనగా ప్రతి యంగుళముమీదను పదిరెట్ల భారము. 1638లో గెలీలియో తన గ్రంథమున ఈ న్యాయమునే వివరించెను. మేకకాలును ఏనుగుకాలును సరిచూడుడు. ఏనుగుకాలు మేకకాలికి పెంచిన రూపము గాదు, స్తంభము. అఱువదడుగుల మనిషికి మన కాళ్ల పోలికనే యున్నచో మొదటి యడుగుననే యెముక విరుగును. ఆ బొమ్మలోని కాళ్లు మన కాళ్లవలెనే సన్నగా నున్నవి.

భారతము చదివినవానిగా ఇంకొకమాట. ఘటోత్కచుడు పడి ఒక అక్షౌహిణిని నుగ్గుచేసెనని వ్యాసుడు చెప్పెను. ఆ కథకు ఎడారిలోని దొంగబొమ్మ యూతకఱ్ఱ కావలెనా? బొమ్మ కల్లయని తెలిసిననాడు పిల్లవాడు కథను కూడ కల్లయనుకొనును. నా కోపమంతయు అందులకే.

మన అనకాపల్లి బజారులో బెల్లము కొనువాడు రంగు చూచి మురియడు. దిమ్మ విరిచి చూచును, నాలుకపై వేసికొనును, ఏ యూరి గానుగదో యడుగును. చిత్రమును గూర్చియు అట్లే: ఎవరు తీసిరి, ఎచ్చట, ఎన్నడు, మఱి యెవరు చూచిరి? గుంటూరు చిత్రమునకు నాలుగు ప్రశ్నలకును సమాధానము గలదు. కంకాళమునకు, ఎవ్వరిని పోనిచ్చుట లేదను మాట తప్ప మఱేమియు లేదు.

అట్లని ప్రతి వింతను త్రోసిపుచ్చుటయు తగదు. మొన్న నొక పిల్లవాడు తిమ్మమ్మ మఱ్ఱిమాను చిత్రము చూపి, ఇంత యడవి ఒకే చెట్టనుట పచ్చి యబద్ధమని నవ్వెను. అది సత్యమే. సుమారు అయిదెకరముల మేర ఊడలు దించుకొని, ప్రతి యూడయు మానై నిలిచిన చెట్టది. 1989లో గిన్నిసు గ్రంథమున కెక్కినది. సందేహమున్నవారు కదిరికి పోయి, అచ్చటినుండి దాని నీడకు చేరి, కొమ్మ పట్టుకొని నడచి మొదలు వెదకికొనవచ్చును, ఎవ్వరును అడ్డగింపరు.